మా గడువు ఆరేళ్లు, మరి మీ గడువు? విశ్వవిద్యాలయాల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) అధ్యక్షులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు, రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్లకు నమస్కారం.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చరిత్రలో పీహెచ్‌డీ పూర్తి చేసి, ఇప్పుడు మరోచోట పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివింది నేనొక్కదాన్నే. పరిశోధన అంటే నాకు ప్రాణం. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లి పాత రెవెన్యూ రికార్డులు ముందేసుకుని కూర్చుంటే తిండి ధ్యాస కూడా ఉండేది కాదు. ఈ లేఖ ఎవరి మీదా కక్షతో రాయడం లేదు. నాకు పాఠాలు చెప్పినవాళ్లలో చాలామంది మంచివాళ్లు, నా పరిశోధనను నడిపించిన గైడ్ గారు కూడా మంచి మనిషే. ఇంతమంది మంచివాళ్లున్నా పీహెచ్‌డీ స్కాలర్ల బతుకులు ఎందుకింత నలిగిపోతున్నాయన్నదే నా బాధ.

మన విశ్వవిద్యాలయాల్లో గడువు అనేది స్కాలర్ ఒక్కరికే ఉంది. 2022 నవంబర్‌లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్ చేసుకుంటే ఇంకో 2 ఏళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఆపైన మరో 2 ఏళ్లు ఇవ్వొచ్చు. అంతే, అక్కడితో తలుపులు మూసుకుంటాయి. ఇది తప్పని నేననను, పనికి ఒక హద్దు ఉండాల్సిందే. కానీ మేం ఇచ్చిన చాప్టర్‌ను గైడ్ ఎన్ని రోజుల్లో చదివి ఇవ్వాలి? ఫెలోషిప్ నెలలో ఏ తేదీకి పడాలి? ఖాళీ అయిన పోస్టు ఎన్నేళ్లలో నింపాలి? వీటిలో కొన్నింటికి అసలు గడువే లేదు. కొన్నింటికి కాగితం మీద ఉన్నా, దాటితే అడిగేవాళ్లు లేరు. మేం ఆలస్యం చేస్తే అడ్మిషన్ పోతుంది. మీ వైపు ఆలస్యమైతే ఆ నష్టం కూడా మాకే.

ముందు డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఇప్పుడు నెలకు 37 వేలు, సీనియర్ ఫెలోషిప్ 42 వేలు. ఇది 2023లో పెరిగిన మొత్తం. అంతకు ముందు 25 వేలు 31 వేలు కావడానికి 2018-19లో దేశమంతా స్కాలర్లు ల్యాబులు, లైబ్రరీలు వదిలి రోడ్డెక్కాల్సి వచ్చింది. అధ్యాపకులకు, ఉద్యోగులకు కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు సవరిస్తారు, అది వాళ్ల హక్కు. అదే మార్కెట్లో అదే ధరకు బియ్యం, కూరగాయలు కొనుక్కునే స్కాలర్‌కు మాత్రం ప్రతిసారీ ధర్నా చేస్తేనే పెరగాలి. ఫెలోషిప్‌ను కరువు భత్యంతో ముడిపెట్టమని అడిగితే, అదేదో గొంతెమ్మ కోరిక అన్నట్టు చూస్తారు.

మంజూరైన డబ్బయినా సరిగ్గా అందుతుందా అంటే అదీ లేదు. యూజీసీ ఫెలోషిప్ నేరుగా మా ఖాతాలో పడుతుంది, నిజమే. కానీ అది పడాలంటే ప్రతి నెలా విశ్వవిద్యాలయం నుంచి ఒకరు పోర్టల్‌లో మా పేరు నమోదు చేయాలి, ఇంకొకరు సరిచూసి ఓకే చేయాలి. మేకర్, చెకర్ అంటారు వాళ్లను. మేకర్ సెలవు పెడితే, చెకర్ బదిలీ అయి లాగిన్ కొత్తాయన చేతికి రాకపోతే, ఆ నెల క్యాంపస్‌లో ఏ స్కాలర్‌కూ డబ్బు రాదు. ఆ రెండు క్లిక్‌ల కోసం మా హాస్టల్‌లో అమ్మాయిలు సెక్షన్ ముందు వరండాలో కూర్చునేవాళ్లు. అవతల మెస్ బిల్లు పెరుగుతూ ఉంటుంది. ఆ బకాయి తీరితే గానీ నో డ్యూస్ (బాకీ లేదన్న పత్రం) రాదు, నో డ్యూస్ లేనిదే థీసిస్ తీసుకోరు. ఇంటికి ఫోన్ చేసి అడుగుదామంటే, 'ఉద్యోగం లాంటిదే నాన్నా, నెలనెలా డబ్బులొస్తాయి' అని చెప్పి చేరినవాళ్లం కదా, ఆ మాట ఎలా అడుగుతాం?

జేఆర్‌ఎఫ్ ఉన్నవాళ్ల పరిస్థితే ఇది. లేనివాళ్ల సంగతి ఆలోచించండి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఫెలోషిప్ లేని స్కాలర్లకు నెలకు 8 వేలు ఇస్తారు. ఏళ్లు గడిచినా అదే 8 వేలు. 2015లో దాన్ని కూడా ఎత్తేస్తామని యూజీసీ నిర్ణయిస్తే, విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు చలిలో పడుకుని కాపాడుకున్నారు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చదివే స్కాలర్లకు ఆ 8 వేలు కూడా లేవు. మైనారిటీ స్కాలర్లకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబర్‌లో ఆపేశారు. మరి వీళ్లు ఎలా బతకాలి? పగలు జూనియర్ కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెబుతారు, రాత్రి థీసిస్ రాస్తారు. నా రూమ్మేట్ అలాగే రాసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంటర్ పిల్లలకు క్లాసులు చెప్పి వచ్చి, గొంతు పోయి మాట్లాడలేక, కాగితం మీద రాసి చూపించి నన్ను అన్నం పెట్టమని అడిగిన రోజులున్నాయి. ఆమెకూ ఆరేళ్లే గడువు. ఫుల్‌టైమ్ స్కాలరే కదా, కాగితం మీద.

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ స్కాలర్ రోహిత్ వేముల మనకు దూరమయ్యాడు. తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేలు, తన కుటుంబానికి ఇప్పించమని ఆఖరి ఉత్తరంలో అడిగాడు. ఆ మరణం వెనుక ఉన్న కుల వివక్ష గురించి దేశం మాట్లాడింది, ఇంకా మాట్లాడాలి. ఆ బకాయి గురించి కూడా మాట్లాడాలి. పేదింటి నుంచి వచ్చిన స్కాలర్‌కు ఫెలోషిప్ ఆపడమంటే కాళ్ల కింద నేల లాగేయడమే. అది తెలిసి కూడా ఈ రోజుకూ నెలలు నెలలు ఆపుతున్నారు.

ఇక గైడ్ల విషయం. అడ్మిషన్ నుంచి వైవా (చివరి మౌఖిక పరీక్ష) దాకా గైడ్ సంతకం లేకుండా ఏదీ ముందుకు కదలదు. హాజరు, ఫెలోషిప్ ధ్రువీకరణ, ఆరు నెలలకోసారి ప్రోగ్రెస్ రిపోర్టు, కంటింజెన్సీ బిల్లులు, ఫీల్డ్ వర్క్‌కు పర్మిషన్, కాపీ కొట్టలేదని చెప్పే ప్లేజియరిజం సర్టిఫికెట్, చివరికి థీసిస్‌ను ఎవరు దిద్దాలో సూచించే పేర్ల జాబితా, అన్నీ ఒకే మనిషి చేతిలో. మంచి మనిషి దొరికితే అదృష్టం. దొరక్కపోతే మన ఖర్మ అనుకుని ఊరుకోవాల్సిందే. ఒక మనిషి అదృష్టం మీద ఆరేళ్ల చదువును నిలబెట్టే పద్ధతిని పద్ధతి అనగలమా?

గైడ్‌కు ఇంత పవర్ ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త ఆగి చూడాలి. అది ఆ మనిషి గుణం వల్ల వచ్చింది కాదు. ఖాళీ పోస్టుల వల్ల వచ్చింది. నిబంధనల ప్రకారం రెగ్యులర్ అధ్యాపకులు మాత్రమే గైడ్లు కావాలి. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ వాళ్లకు ఎంత అనుభవం ఉన్నా కుదరదు. ప్రొఫెసర్‌కు 8 మంది, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్‌కు 4, అంతకు మించి స్కాలర్లను తీసుకోకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను అసలే తీసుకోకూడదు. ఇవన్నీ సరైన నిబంధనలే. కానీ మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సగానికి పైగా అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయి. తెలంగాణలో ఉమ్మడి నియామక బోర్డు బిల్లును 2022లో శాసనసభ ఆమోదించింది, ఆ తర్వాత అది ఆమోదముద్ర దొరక్క నిలిచిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో 3 వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి, కోర్టు కేసుల్లో చిక్కుకున్నాయి. 2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం విశ్వవిద్యాలయ అధ్యాపకుల రిటైర్మెంట్ వయసును 60 నుంచి 65కు పెంచింది. ఉన్న గైడ్లు మరికొన్నాళ్లు ఉంటారు కాబట్టి స్కాలర్లకు అది కొంత ఊరటే, కాదనను. కొత్తవాళ్లు రాకుండా ఆ ఒక్కటీ చేస్తే ఐదేళ్ల తర్వాత మళ్లీ ఇదే చోట ఉంటాం.

ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరో ముగ్గురో రెగ్యులర్ అధ్యాపకులు మిగిలారు. నా సబ్జెక్టు తెలిసినవాళ్లు వాళ్లలో ఒక్కరే ఉంటే, ఆయనతో పడకపోతే నేను ఎవరి దగ్గరికి వెళ్లాలి? గైడ్‌ను మార్చుకోవచ్చని రూలు ఉంది, మారడానికి మనిషి లేడు. పెళ్లి వల్లో మరో కారణం వల్లో ఊరు మారే మహిళా స్కాలర్ తన పరిశోధనను ఇంకో విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లొచ్చని కూడా రూల్సులో రాశారు. మంచి మాట. అక్కడ సీటు ఖాళీగా ఉన్న గైడ్ దొరికితే కదా!

దీని ఫలితం ఎలా ఉంటుందో రెండు సంగతులు చెబుతాను, పేర్లు అడక్కండి. నా జూనియర్ ఒకతను ఆర్థికశాస్త్రంలో స్కాలర్. రైతుల అప్పుల మీద పని చేస్తున్నాడు, ప్రశ్నావళి తయారైంది, ఊళ్లు ఎంచుకున్నాడు. సరిగ్గా పంట చేతికొచ్చి రైతులు ఇళ్ల దగ్గర దొరికే రోజుల్లో, గైడ్ గారి అమ్మాయి పెళ్లికి శుభలేఖలు పంచే పని అతని మీద పడింది. బైకు మీద జిల్లాలు తిరిగాడు. 'కాదంటే ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం ఆగుతుందక్కా' అన్నాడు. ఆ సీజన్ పోయింది, సర్వే మరుసటి ఏడాదికి వాయిదా పడింది. ఆ ఏడాదిని అతని ఆరేళ్లలోంచే తీసేశారు.

రెండోది నా స్నేహితురాలి సంగతి. చాప్టర్ గురించి మాట్లాడాలంటే ఆమె గైడ్ రాత్రి ఎనిమిది తర్వాతే రమ్మనేవాడు, అదీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ లేనప్పుడు. డిపార్ట్‌మెంట్ హెడ్‌కు చెప్పుకుంటే, 'సర్దుకుపోమ్మా, ఇంకెంత, ఏడాదేగా' అన్నారట. లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ఉంది, యూజీసీ 2015 నిబంధనలున్నాయి, ప్రతి క్యాంపస్‌లో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంది. ఫిర్యాదు చేస్తే విచారణ జరుగుతుంది కూడా కావచ్చు. ఆ తర్వాత థీసిస్ మీద ఎవరు సంతకం చేస్తారు? ఆ ప్రశ్నకు జవాబు ఏ కమిటీ దగ్గరా లేదు. నాలుగు చాప్టర్లు రాసి వదిలేసి వెళ్లిపోయింది. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతోంది. దేవదాయ భూముల మీద ఆమె సేకరించిన సమాచారం లాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు. అది ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండిపోయింది.

ఇన్ని దాటుకుని థీసిస్ ఇచ్చాక అయినా పని అయిపోతుందా? థీసిస్ సమర్పించిన రోజు నుంచి వైవా ఫలితం దాకా మొత్తం 6 నెలల్లో ముగించాలని యూజీసీ 2022 నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంది. 2016 నిబంధనల్లోనూ ఈ 6 నెలల మాట ఉంది. మీ వైపు ఉన్న గడువుల్లో ఇది ముఖ్యమైనది. దీన్ని ఎంత యథేచ్ఛగా దాటుతున్నారో ఏ విశ్వవిద్యాలయం ఎగ్జామినేషన్ బ్రాంచికి వెళ్లినా కనిపిస్తుంది.

నేను చూసిన గది ఎలా ఉంటుందో చెబుతాను. స్టీలు బీరువాలు, వాటి పైన, పక్కన, కింద థీసిస్‌లు. నల్ల రెక్సిన్ బైండింగ్, బంగారు రంగు అక్షరాలు. ఒక్కో దాని మీద ఒక చీటీ, చీటీ మీద ఇచ్చిన తేదీ. కొన్ని చీటీల సిరా వెలిసిపోయింది. థీసిస్ వచ్చాక గైడ్ ఎగ్జామినర్ల పేర్లతో ప్యానెల్ సీల్డ్ కవర్‌లో ఇవ్వాలి. ఆ కవర్ పరీక్షల కంట్రోలర్ ద్వారా వీసీ గారి టేబుల్ మీదికి వెళ్లాలి. ఆయన పేర్లు టిక్ చేయాలి. అప్పుడు సెక్షన్ వాళ్లు ఆ ఎగ్జామినర్లకు మెయిల్ పెట్టి, దిద్దుతారా అని అడగాలి. ఒకాయన జవాబివ్వడు. ఇంకొకాయన సరేనంటాడు, ఆపైన నెలల తరబడి రిపోర్టు పంపడు. జవాబివ్వని ఆయన బదులు ఇంకో పేరు కోసం ఫైలు మళ్లీ వీసీ గారి దగ్గరికి. నా థీసిస్ ఇలా తిరుగుతూ ఏడాది దాటింది. 'రిమైండర్ పెట్టామమ్మా, వాళ్లు పంపితే మేమెందుకు ఆపుతాం' అనేవారు సూపరింటెండెంట్ గారు. ఆయన అబద్ధం చెప్పలేదు. వందల థీసిస్‌లకు ఆ సెక్షన్‌లో ఉన్నది ఇద్దరు మనుషులు. ఎగ్జామినర్ల తప్పు అని కూడా గట్టిగా అనలేను. మూడు వందల పేజీలు చదివి రిపోర్టు రాసినందుకు ఇచ్చే పారితోషికం కొద్దిపాటిది, అది కూడా ఎప్పుడొస్తుందో తెలియదు.

వీసీ కుర్చీ ఖాళీగా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. తెలంగాణలో 2024 మే నెలలో వీసీల పదవీకాలం ముగిస్తే, అక్టోబర్ దాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జులుగా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది ప్రభుత్వం మారాక వీసీలు వరసగా రాజీనామాలు చేశారు, అక్కడా నెలల తరబడి ఇన్‌ఛార్జుల పాలనే. సచివాలయంలో ఒక శాఖ చూసుకుంటూ విశ్వవిద్యాలయాన్నీ చూసే అధికారి ముందు పీహెచ్‌డీ ప్యానెల్ ఫైలుకు ఎన్నో నంబరు వస్తుందో మీకే బాగా తెలుసు. పదవీకాలం ఏ రోజున ముగుస్తుందో నియమించిన రోజే తెలిసినప్పుడు, కొత్తవాళ్ల ఎంపిక ఆరు నెలల ముందు ఎందుకు మొదలుకాదు?

ఈ నెలలన్నీ స్కాలర్ ఎక్కడుంటాడు? థీసిస్ ఇచ్చిన రోజే హాస్టల్ ఖాళీ చేయాలి. ఫెలోషిప్ ఆగిపోయింది. పీహెచ్‌డీ పట్టా చేతిలో లేదు కాబట్టి నోటిఫికేషన్ వస్తే ఆ కాలమ్‌లో ఏమీ రాయలేడు. వయసు ముప్పై దాటింది. ఊరికి వెళ్తే, 'ఏం చదువురా నాయనా, ఇంకా అయిపోలేదా' అని ప్రతివాళ్లూ అడిగేవాళ్లే. అయిపోయింది, కానీ అవలేదు అని వాళ్లకు ఎలా చెప్పాలి? ఆ టెన్షన్‌లో మనిషి ఎంత కుంగిపోతాడో నేను దగ్గర్నుంచి చూశాను. చదివింది వృథా అయిందన్న నమ్మకం ఒక్కసారి మనసులో పడితే, తర్వాత పట్టా వచ్చినా ఆ మనిషి మునుపటిలా పుస్తకం పట్టుకోడు.

పరిశోధన పేపర్ల విషయం క్లుప్తంగా చెబుతాను. 2016 నిబంధనల్లో థీసిస్‌కు ముందు ఒక పేపర్ అచ్చవ్వాలని పెట్టారు. అది కాక యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టులో ఒక్కో పేపర్‌కు 2 మార్కులు, గరిష్ఠంగా 10. అవసరం పుట్టింది కాబట్టి మార్కెట్ పుట్టింది. డబ్బు కడితే రెండు రోజుల్లో పేపర్ వేసి సర్టిఫికెట్ కూడా పంపుతామంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు వచ్చేవి. 2018 మే నెలలో యూజీసీ తన సొంత జాబితా నుంచే 4,305 జర్నల్స్ తీసేసింది. ఆ తర్వాత నమ్మదగిన జర్నల్స్ పేర్లతో కేర్ జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ రద్దు చేసింది. తప్పనిసరి పేపర్ అన్న షరతును 2022లో ఎత్తేసింది. ఎత్తేయడం మంచిదే, నేను సమర్థిస్తాను. కానీ చాలాచోట్ల సెక్షన్లలో ఇంకా పేపర్ అడుగుతూనే ఉన్నారు. అందరికంటే ఎక్కువ నష్టపోయింది తెలుగులో పరిశోధన చేసేవాళ్లు. తెలుగులో నికార్సయిన పరిశోధన పత్రికలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా జాబితాకు ఎక్కలేదు. మంచి వ్యాసం రాసి ఒక మంచి సాహిత్య పత్రికలో వేస్తే పది మంది చదువుతారు, చర్చ జరుగుతుంది, మార్కు మాత్రం రాదు. ఎవరూ చదవని చోట డబ్బు కట్టి వేస్తే మార్కు వస్తుంది.

ఇప్పుడు పట్టా వచ్చిన తర్వాతి కథ. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే 2021 జులై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018లో ప్రకటించారు. దాన్ని 2023కు వాయిదా వేశారు. చివరికి 2023 జూన్ 30న, పీహెచ్‌డీ అక్కర్లేదు, నెట్ లేదా రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష సెట్ చాలు అన్నారు. ఏది సరైనదన్న చర్చ వేరు. ఆ మొదటి ప్రకటన నమ్మి, చేస్తున్న ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరినవాళ్లు నాకు తెలుసు. దేశంలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు 2014-15లో 1.17 లక్షలు ఉంటే 2021-22కు 2.12 లక్షలయ్యారు. అందులో దాదాపు 99 వేల మంది ఆడపిల్లలు. ఈ సంఖ్యను ప్రగతి నివేదికల్లో గర్వంగా చెప్పుకుంటారు. గర్వపడాల్సిన విషయమే. వీళ్లను ఏ పోస్టుల్లోకి తీసుకుంటారన్న లెక్క మాత్రం ఆ నివేదికల్లో ఉండదు.

పోస్టులు లేవు, పాఠాలు ఆగవు. అందుకే మేమున్నాం. ఒకచోట అకడమిక్ కన్సల్టెంట్ అంటారు, ఒకచోట పార్ట్‌టైమ్ లెక్చరర్ అంటారు, ఇంకోచోట గెస్ట్ ఫ్యాకల్టీ. పని ఒకటే: క్లాసులు, ఇంటర్నల్స్, ఇన్విజిలేషన్, పేపర్లు దిద్దడం, విద్యాసంస్థలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం వస్తుందంటే రాత్రిళ్లు కూర్చుని ఫైళ్లు రాయడం. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది. గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకు 1,500, నెలకు 50 వేలు మించకుండా ఇవ్వొచ్చని 2019లో యూజీసీ చెప్పింది. ఆ రేటు మాలో చాలామంది ఎన్నడూ చూడలేదు. ఎన్ని గంటలు క్లాసు చెబితే అన్ని గంటలకే డబ్బు. పరీక్షల నెలలో సగం, వేసవిలో సున్నా. జూన్‌లో మళ్లీ ఆర్డర్ వస్తుందో రాదో తెలియదు. గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, వీళ్లకు గౌరవప్రదమైన జీతం ఇవ్వాలని గట్టిగా చెప్పింది. ఆ తీర్పు కాపీని మా స్టాఫ్ రూమ్‌లో ఎవరో ప్రింట్ తీసి గోడకు అంటించారు. అధికారులెవరూ ఇంతవరకు దాని గురించి మాతో మాట్లాడలేదు.

మీలో కొందరు అనే మాట నాకు తెలుసు. 'సగం మంది స్కాలర్లు పరిశోధన కోసం రావడం లేదు, హాస్టల్ కోసం, లైబ్రరీలో కూర్చుని గ్రూప్స్‌కు చదువుకోవడం కోసం చేరుతున్నారు' అంటారు. సగం కాదు గానీ, అలాంటివాళ్లు ఉన్నారు, కాదనను. రీడింగ్ రూముల్లో థీసిస్ పుస్తకాల పక్కనే గ్రూప్-2 మెటీరియల్ ఉంటుంది. కానీ ఒక్కసారి వాళ్ల వైపు నుంచి చూడండి. ఏళ్ల తరబడి ఒక్క అధ్యాపక పోస్టు భర్తీ కాని చోట, ఫెలోషిప్ లేకుండా, గడువు దగ్గరపడుతుంటే, బతుకుతెరువు కోసం ఇంకో దారి వెతకని మనిషి ఎవరు? ఆ పిల్లల్లో చాలామంది మొదటి ఏడాది నిజమైన ప్రశ్నతో వస్తారు. నా క్లాసులో చదివి పీహెచ్‌డీకి వెళ్లిన పిల్లల్నే చూశాను. మూడో ఏడు వచ్చేసరికి ఆ ప్రశ్న పక్కకు పోయి, సిలబస్ పుస్తకం చేతిలోకి వస్తుంది. వాళ్లను సీరియస్ కాదని తీసిపారేయడం అన్యాయం.

మేం అడిగేవాటిలో కొత్త చట్టం కావలసినవి తక్కువ. ప్రతి విశ్వవిద్యాలయం తన వెబ్‌సైట్‌లో ఒక పట్టిక పెట్టాలి. థీసిస్ ఏ తేదీన అందింది, ప్యానెల్ ఎప్పుడు వచ్చింది, వీసీ సంతకం ఎప్పుడైంది, ఎగ్జామినర్‌కు ఎప్పుడు పంపారు, రిపోర్టు ఎప్పుడొచ్చింది, ఇవి స్కాలర్ పేరు లేకుండా రిజిస్ట్రేషన్ నంబర్‌తో ఉంటే చాలు. ఆర్టీసీ బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూసుకునే కాలంలో ఇది పెద్ద పనేం కాదు. 6 నెలలు దాటిన రోజు నుంచి వైవా అయ్యేదాకా ఆ స్కాలర్‌కు ఫెలోషిప్‌తో సమానమైన మొత్తం విశ్వవిద్యాలయమే ఇవ్వాలి, హాస్టల్‌లో ఉండనివ్వాలి. ఆలస్యం ఖర్చు తన మీద పడితే తప్ప ఏ ఆఫీసూ కదలదు. ఎగ్జామినర్ పారితోషికం పెంచి, రిపోర్టు అందిన నెలలోనే చెల్లించండి.

గైడ్ చేతిలో ఉన్న సంతకాల్లో కనీసం సగం, స్కాలర్ పనిని సమీక్షించే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీకి బదిలీ చేయండి. ఫెలోషిప్ ధ్రువీకరణ, హాజరు లాంటివి గైడ్ దగ్గర ఉండాల్సిన అవసరం లేదు. చాప్టర్ ఇచ్చాక నెలన్నర లోపు రాతపూర్వకంగా అభిప్రాయం రాకపోతే కమిటీ కలగజేసుకోవాలి. ఒక విశ్వవిద్యాలయంలో తగిన గైడ్ లేకపోతే, రెండు రాష్ట్రాల్లోని ఏ విశ్వవిద్యాలయం నుంచైనా గైడ్‌ను తీసుకునే ఒప్పందం ఉన్నత విద్యామండళ్లు కూర్చుని ఒక్క సమావేశంలో చేసుకోగలవు. ఆంధ్రా, ఉస్మానియా, కాకతీయ, శ్రీ వెంకటేశ్వర, నాగార్జున, శ్రీకృష్ణదేవరాయ, ఇన్నిచోట్ల చరిత్ర శాఖలున్నాయి. వాటన్నిటిలో కలిపి వెతికితే దేవదాయ భూముల మీద పనిచేసే స్కాలర్‌కు ఇంకో గైడ్ దొరక్కపోతారా? వేధింపుల ఫిర్యాదు చేసిన విద్యార్థినికి, విచారణ పూర్తయ్యేదాకా ఆగకుండా, ఫిర్యాదు అందిన వారంలోనే ఇంకో గైడ్‌ను చూపించాలి. విచారణకు పట్టిన కాలాన్ని ఆమె గడువులో లెక్కపెట్టకూడదు.

రాష్ట్ర ప్రభుత్వాలు తమ విశ్వవిద్యాలయాల ఫుల్‌టైమ్ స్కాలర్లందరికీ ఎంతో కొంత నెలసరి ఫెలోషిప్ మొదలుపెట్టాలి. ఎంత ఇవ్వగలరో లెక్క మీరే వేయండి. కానీ ఇస్తే ప్రతి నెలా ఒకే తేదీన ఇవ్వండి. నియామకాలకు ఏటా ఒక క్యాలెండర్ ప్రకటించండి. పదేళ్లకోసారి మూడు వేల పోస్టులు వేస్తే కోర్టు కేసులు రాక మానవు. ప్రతి ఏడాదీ ఆ ఏటి ఖాళీలు ఆ ఏడే వేస్తే అంత తొక్కిసలాటే ఉండదు. అప్పటిదాకా మా పార్ట్‌టైమ్ వాళ్లకు పన్నెండు నెలల జీతం ఇవ్వండి. మీ విశ్వవిద్యాలయాల్లో ఈ రోజు పీజీ క్లాసులు జరుగుతున్నాయంటే అది ఎవరి వల్లో టైమ్‌టేబుల్ తెప్పించుకుని చూడండి.

వీటన్నిటికీ సమయం పడుతుందంటే ఒప్పుకుంటాను. ఒక్క పనికి మాత్రం సమయం అక్కర్లేదు. ఈ లేఖ చదివిన వీసీలు రేపు పొద్దున్న ఎగ్జామినేషన్ బ్రాంచికి వెళ్లి, 6 నెలలు దాటిన థీసిస్‌ల జాబితా అడగండి. మీ సంతకం కోసం ఆగిన ప్యానెల్ కవర్లు ఎన్ని ఉన్నాయో అక్కడే తెప్పించుకుని, ఆ రోజే తెరవండి. మిగతావి ఎక్కడ ఆగాయో ఒక్కో ఎగ్జామినర్‌కు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. వీసీ గారు స్వయంగా ఫోన్ చేస్తే రిపోర్టు ఆపేవాళ్లు ఉండరు.

ఇట్లు,
రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేసినవాళ్ల, చేస్తున్నవాళ్ల తరఫున
ఒక పార్ట్‌టైమ్ లెక్చరర్